అవ్వ బావి, నా మూడు సీసాలు

నా చేతిరాత అంటే నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోను. చిన్నప్పుడు తెనాలిలో మా సైన్సు మాస్టారు నా రికార్డు పుస్తకాన్ని క్లాసంతా తిప్పి చూపించేవారు. ఆ గర్వాన్ని మూటగట్టుకుని హైదరాబాదు వచ్చి, కాలుష్యం పనులు చూసే ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరుగా చేరాను. ఆ గర్వంతోనే శాలిబండలో ఒక బావిని దాదాపు పూడ్పించేశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కలిసినప్పుడు, "మేడమ్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. ఏదో మందుల ఫ్యాక్టరీకి తాళం వేయించిన కథ చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఈ బావి కథే చెబుతాను. మధ్యలో నాకే నవ్వొచ్చి ఆగిపోతుంటాను, కాస్త ఓపిక పట్టండి.

శాలిబండ మెయిన్ రోడ్డు మీద ఒక పాత పెట్రోలు బంకు ఉండేది. దాని భూమిలోపలి ట్యాంకు అడుగు తుప్పుపట్టి, ఎన్నాళ్ల నుంచో పెట్రోలు సన్నగా నేలలోకి కారుతోంది. ఆ సంగతి కనిపెట్టింది మేమూ కాదు, బంకు యజమానీ కాదు. బంకు వెనక గల్లీలో ఉండే ఒక అవ్వ. వాళ్లది తరాలుగా ఇంగువ టోకు వ్యాపారం. డెబ్బై దాటినా ఇంగువ ముద్దలు ముందు ఆవిడ ముక్కు దగ్గరికి వచ్చాకే దుకాణానికి వెళ్లేవి. అసలుదేదో, గోధుమపిండి కలిపిందేదో కళ్లు మూసుకుని చెప్పేసేది. ఒకరోజు పొద్దున్నే పెరటి బావిలోంచి బక్కెట్టు తోడి, వాసన చూసి, మా ఆఫీసుకు ఫోను చేయించింది.

"మా బాయిల పెట్రోలు పడ్డది. జల్ది రాండ్రి."

"అడ్రసు చెప్పవ్వా, బండ్లు తెచ్చుకుంటాం" అన్నాడట మా ఆఫీసు గుమాస్తా. ఆఫీసంతా నవ్వుకుంది. రెండు రోజుల తర్వాత పరీక్ష చేస్తే ఆవిడ చెప్పిందే నిజమైంది.

పాత ట్యాంకు తవ్వి తీసేశారు. కానీ నేలలో ఇంకిపోయిన పెట్రోలు సంగతి? దానికి ఒకటే దారి. బావిలోంచి నీళ్లు ఆగకుండా తోడుతూ ఉండాలి. అలా తోడినంతకాలం చుట్టుపక్కల చెడిన నీళ్లు ఆ బావి వైపుకే వస్తాయి, పక్క ఇళ్ల బోర్లలోకి పాకవు. తోడిన నీళ్లను ఒక పొడుగాటి గొట్టంలో పైనుంచి జల్లుతూ కిందనుంచి గాలి కొట్టి, తర్వాత బొగ్గు నింపిన డ్రమ్ముల గుండా పంపి, శుభ్రమయ్యాక వాన నాలాలోకి వదలాలి. ఆ యంత్రం ఖర్చంతా బంకు యజమానిది. శుభ్రమైన నీళ్లను ఎంత వదలాలి, ఎంత శుభ్రంగా వదలాలి అని తేల్చే పెత్తనం నాది.

పదకొండు షరతులతో అనుమతి పత్రం రాశాను. నేను రాసిన వాటిలోకెల్లా అందమైన పత్రం అదే అనుకునేదాన్ని. ఏడో షరతు నా ముద్దుబిడ్డ. బయటికి వదిలే నీటి నమూనా వరసగా మూడుసార్లు ఫెయిలైతే అనుమతి రద్దు. అనుమతి లేకపోతే పంపు ఆగుతుంది. పంపు ఆగితే ఇళ్ల మధ్య పెట్రోలు ఆవిర్లు లేచే బావి ఉండటం ప్రమాదం కాబట్టి, వార్డు ఆఫీసు వాళ్లు దాన్ని మొరంతో పూడ్చి పైన సిమెంటు పోసేస్తారు.

బంకు యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్లు. పత్రం చదివి తలపట్టుకున్నాడు.

"మేడమ్, మూసీల కలిసే నీళ్లకు గింత మడి ఎందుకు? మూసీని ఎప్పుడన్న జూసిన్రా మీరు?"

"మూసీ ఎలాగూ కంపు కొడుతోంది కదాని మన వంతు కూడా కలుపుదామా?" అన్నాను. ఆ జవాబు నాకు ఎంత నచ్చిందంటే ఇంటికెళ్లి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

అవ్వ మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మొదటిరోజు మా వైపు అలవాటు కొద్దీ "బామ్మగారూ" అని పిలిస్తే, "గారు గీరు వద్దు, అవ్వా అను" అంది. తర్వాత టీ ఇప్పించి, నేను తాగుతుండగా నిలదీసింది.

"నా బాయి, నా నీళ్లు. నడుమ నీ పర్మిషన్ ఏంది బిడ్డా?"

నిజానికి ఆ గల్లీకి అసలైన నీటి అధికారి ఆవిడే. ఎండాకాలం నల్లాలు రోజు విడిచి రోజు వచ్చేటప్పుడు గల్లీ గల్లీ అంతా ఆ బావి దగ్గరికే వచ్చేది. బాలింత ఉన్న ఇంటికి ముందు, పెళ్లి ఉన్న ఇంటికి తర్వాత, ఇంటికిన్ని బిందెలని ఆవిడ లెక్క. రంజాను నెలలో ఎదురింటి వాళ్లకు రెండు బిందెలు ఎక్కువ. స్కూటరు కడుక్కోవడానికి వచ్చినవాడికి మాత్రం తిట్లే. ఇంట్లో మగవాళ్లు వ్యాపారం ఏలితే ఆవిడ బావిని ఏలింది. అది మూతపడితే తనకు ఏం మిగులుతుందో ఆవిడ ఎప్పుడూ అనలేదు గానీ, యంత్రం మొదలుపెట్టిన రోజున పైపు మీద చెయ్యేసి నిలబడిన తీరులో నాకు అది కనిపించింది.

నమూనాలు పట్టేది మా ఫీల్డ్ అసిస్టెంటు. కార్వాన్ బస్తీ వాడు, నాకన్నా పదేళ్లు పెద్ద, ఆఫీసంతటికీ అన్న. మొదటి రెండు నెలలు ఆయన పట్టిన ప్రతి సీసా పాసైంది. ఒక్కటే లోపం, ఆయన రాత. సీసాకు కట్టిన చీటీ మీద పెన్సిలుతో కోడి గెలికినట్టు రాసేవాడు. ఒకసారి ల్యాబులో ఆ రాత ఎవరికీ అర్థంకాక సీసా మూడు రోజులు మూలన పడుంది. నాకు ఒళ్లు మండింది.

"ఇకనుంచి సీసాల మీద నేనే రాస్తాను అన్నా" అన్నాను.

"మీ ఇష్టం మేడమ్."

నల్లటి మార్కరు పెన్ను ఒకటి కొన్నాను. తెల్లటి చీటీల మీద గుండ్రటి అక్షరాలు. రాసి సీసాలకు అంటిస్తుంటే నాకే ముద్దొచ్చేది. కానీ మే నెల ఎండకు మార్కరు ఊరికే ఆరిపోయేది. దాని మూత కూడా వదులు. అందుకని సీసాలు పెట్టే ఐసు డబ్బాలోనే దాన్నీ పడేసేదాన్ని.

"పెన్ను ఐస్ డబ్బాల ఎందుకు మేడమ్?"

"ఆరిపోకుండా."

"అచ్ఛా" అన్నాడు అన్న. ఆఫీసరుకు ఒకసారి చెప్పడం, రెండోసారి ఊరుకోవడం ఆయన పద్ధతి.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. మా ల్యాబు కెమిస్టు ప్రతిసారీ సీలు వేసిన మంచినీళ్ల సీసా ఒకటి ఇచ్చేవాడు. దాన్ని నమూనాలతో పాటు డబ్బాలో తిప్పి, విప్పకుండా వెనక్కి తేవాలి. దారిలో మూత సందుల్లోంచి ఏ ఆవిరైనా కలుస్తోందేమో దాన్ని పరీక్షిస్తే తెలుస్తుందని. "మంచినీళ్లకు చార్మినార్ చూపించడం ఎందుకండీ, డబ్బాలో చోటు దండగ" అని మానిపించేశాను.

ఆ తర్వాత మొదటి సీసా ఫెయిలైంది. సేఠ్‌కు నోటీసు ఇచ్చాను. బొగ్గు మార్చానన్నాడు. రెండోదీ ఫెయిలైంది. ఈసారి గల్లీలో అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను.

"కొత్త బొగ్గు పోసిన మేడమ్, ఖాళీ సంచులు ఆడనే ఉన్నయ్, చూడుండ్రి."

"సంచులు కాదు, నాకు నీళ్లు కావాలి. అబద్ధాలు ఆపండి."

ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. గల్లీ ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. అవ్వ నన్నే చూస్తోంది. నేను మహా న్యాయంగా ఉన్నానని ఆ రోజంతా ఒంటి నిండా పొంగిపోయాను.

మూడోదీ ఫెయిలైంది. కాగితం ఇస్తూ కెమిస్టు నసిగాడు.

"మేడమ్, ఒక విచిత్రం. పెట్రోల్లో బెంజీను, టోలీను, జైలీను అన్నదమ్ముల్లా కలిసే ఉంటాయి. బొగ్గు పాడైతే ముందు జారుకుని వచ్చేది బెంజీనే. ఇందులో తమ్ముళ్లు ఉన్నారు, పెద్దోడు లేడు."

"విచిత్రాలు తర్వాత చూద్దాం, ముందు సంతకం పెట్టండి" అన్నాను.

సోమవారం పొద్దున రద్దు పత్రం పట్టుకుని వెళ్లాను. ఏడో షరతు తన పని తాను చేస్తోంది. వార్డు సూపర్‌వైజరు మనుషులతో దిగాడు. టిప్పరు గల్లీలోకి పట్టదని మొరాన్ని నాలుగు ట్రాలీ ఆటోల్లో తెప్పించాడు. మొదటి ట్రాలీ మలుపులో ఒక షేరాటోకు ఎదురుపడింది. రెండింటి మధ్య ఒక అరటిపళ్ల బండి. ఎవరూ వెనక్కి పోరు. "నువ్వు తియ్, నువ్వు తియ్" అని అరగంట లొల్లి. ఆ అరగంటే బావిని బతికించిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అవ్వ బావి ఒర మీద కూర్చుని ఉంది. ఒడిలో ఇంగువ ముద్దలు. దుకాణం పని దుకాణం పనే.

"అవ్వా, మీరు లేవాలి" అన్నాను మెల్లగా.

"ముందు నీ పని కానియ్యి బిడ్డా."

మూసేముందు చివరి నమూనా పట్టాలని నేనే రాసిన తొమ్మిదో షరతు. యంత్రంలోంచి శుభ్రమైన నీళ్లు బయటికొచ్చే కుళాయి దగ్గర సీసా నింపాను, మార్కరుతో తారీకు రాశాను, డబ్బాలో పెట్టి మూతేశాను. అవ్వ చెయ్యి చాపింది.

"ఆ డబ్బ ఇటు తే."

"అది ప్రభుత్వం డబ్బా అవ్వా, చట్టం ప్రకారం..."

"చట్టానికి ముక్కున్నదా?"

అన్న నా చేతిలోంచి డబ్బా లాక్కున్నంత పని చేసి ఆవిడ ముందు పెట్టాడు. ముందు అవ్వ కుళాయి కింద దోసిలి పట్టి వాసన చూసింది. కళ్లు మూసుకుంది, ఇంగువకు మూసుకున్నట్టే.

"ఈ నీళ్లల్ల ఏం లేదు."

తర్వాత డబ్బా మూత తీసి తల దాదాపు లోపలికే పెట్టింది.

"ఈ డబ్బల ఉన్నది. గని ఇది నా బాయి వాసన గాదు. మూడు నెలలు పీల్చిన, నాకు తెల్వదా? ఇది వేరే."

ఒక్కొక్కటీ బయటికి తీయడం మొదలుపెట్టింది. ఐసు ముక్క, వాసన చూసి పక్కన పెట్టింది. సీసా తిప్పి తిప్పి చూసింది. చివరికి అడుగున దొర్లుతున్న నా మార్కరు దొరికింది. వదులు మూత ఊడి చేతికొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుందో లేదో, గల్లీ దద్దరిల్లేలా తుమ్మింది.

"దొరికిండు దొంగ!"

కళ్లజోడు సర్దుకుని మార్కరు మీదున్న చీమ తలకాయంత అక్షరాలు చదివాను. అందులో వాడిన రసాయనాల్లో జైలీను పేరు స్పష్టంగా ఉంది. నా గుండె జారి బావిలో పడింది. పక్కన అన్న గొంతు వినిపించింది, మహా వినయంగా.

"నేను గప్పుడే అడిగిన మేడమ్, పెన్ను ఐస్ డబ్బాల ఎందుకని."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే వచ్చింది. మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మార్కరు తీసేసినా డబ్బా ఇంకా అదే కంపు కొడుతోంది. అవ్వ దాన్ని కాలితో అవతలికి నెట్టింది.

"ఇంగువ కట్టిన గుడ్డ లెక్క అయింది. ఇగ ఎంత కడిగినా పోదు."

సూపర్‌వైజరుకు మాత్రం నవ్వు రాలేదు. "అవ్వ ముక్కును ఫైల్ల పెడ్తరా మేడమ్? మొరం వచ్చింది, మనుషులు వచ్చిన్రు. అయిదు దాక ఆగుత. రిపోర్టు రాకుంటే పోస్త."

ఆయన మాటా నిజమే. ముక్కు సాక్ష్యం కాదు, ల్యాబు కాగితం కావాలి. కెమిస్టుకు ఫోను చేసి విషయం చెప్పాను. అటు ఫెయిలైన మూడు కాగితాలూ తిరగేసిన చప్పుడు. తర్వాత, "మేడమ్, ఆ మంచినీళ్ల సీసాలు ఉండుంటే ఇప్పుడే తేల్చేసేవాణ్ణి" అన్నాడు. నేను చార్మినార్ చూపించనన్న సీసాలు.

అన్న గొంతు సవరించుకుని తన టిఫిను సంచిలో చెయ్యి పెట్టాడు. సీలు తీయని మంచినీళ్ల సీసాలు రెండు బయటికొచ్చాయి.

"ల్యాబు సార్ ముందే ఇచ్చిపెట్టినయ్. మీరు వద్దన్నరు. పారేయ బుద్ధిగాలె."

ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఒక సీసాను మార్కరుతో పాటు పాత డబ్బాలో పెట్టాం. రెండో సీసాను, కొత్తగా పట్టిన కుళాయి నీళ్ల సీసాను వేరే దేంట్లోనైనా పెట్టాలి. అవ్వ లోపలికి వెళ్లి స్టీలు పాలక్యాను తెచ్చింది. "ఇంగువ అంటని గిన్నె మా ఇంట్ల ఇదొక్కటే" అంది. మలుపులో షర్బత్ బండి అతను ఐసు ఇచ్చాడు. చీటీల మీద అన్న పెన్సిలుతో రాశాడు. ఆ రోజు కోడిగీతలు ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను.

మా జీపు ట్రాలీల వెనక ఇరుక్కుపోయింది. అందుకని ఆటోలు, అదీ రెండు, ఎందుకంటే మార్కరు డబ్బా గాలి పాలక్యానుకు తగలకూడదు. ఒకదాంట్లో నేను ఒళ్లో క్యానుతో, ఇంకోదాంట్లో అన్న డబ్బాతో. నా డ్రైవరుకు ఏమనిపించిందో ఏమో, పందెం అనుకున్నాడు. హుస్సేనీ ఆలం వైపు సందుల్లోంచి పోనిచ్చాడు. అన్న ఆటో మా పక్కకొచ్చినప్పుడల్లా నేను తల బయటపెట్టి, "దూరం! దూరం! వాసన!" అని కేకలు. రోడ్డు మీద జనం అన్నను చూసి ముక్కు మూసుకోవడం మొదలుపెట్టారు. పాపం ఆయన పొద్దున్నే స్నానం చేసి, కాస్త అత్తరు కూడా రాసుకుని వచ్చిన మనిషి.

ల్యాబులో కూర్చున్న ఆ మూడు గంటలు మాత్రం నవ్వు రాలేదు. ఫెయిలైతే అవ్వ బావి పోతుంది. పాసైతే నేను ఒక నిర్దోషిని మూడుసార్లు దొంగన్నానని తేలుతుంది. పాసవ్వాలనే దేవుడికి మొక్కాను. తలెత్తుకోలేకపోయినా ఫర్వాలేదు, బావి దక్కాలి అనుకున్నాను.

నాలుగున్నరకు కెమిస్టు కాగితం పట్టుకుని దాదాపు గంతులేస్తూ వచ్చాడు. పాలక్యానులో వచ్చిన రెండు సీసాలూ కడిగిన ముత్యాలు. పాత డబ్బాలో తిరిగొచ్చిన మంచినీళ్ల సీసాలో టోలీను, జైలీను. పెద్దోడు లేడు. మన మూడు ఫెయిలైన సీసాల మొహమే.

వెంటనే సూపర్‌వైజరుకు ఫోను చేశాను.

"మొరం ఆపండి! పొయ్యొద్దు!"

"ఏ మొరం మేడమ్?" నోటినిండా ఏదో నములుతున్నాడు. "అవ్వ బజ్జీలు ఏయించింది, తింటున్నం. మొరం ఊకె ఎందుకని గల్లీల గుంతలన్ని పూడ్పిచ్చింది. ఇగ ట్రాలీలల్ల ఏం మిగల్లే."

తర్వాతి రోజు మా పెద్ద సారు ముందు నిలబడి తప్పు నాదేనని రాసిన కాగితం ఇచ్చాను. చదివారు. తర్వాత గంభీరంగా, "రాత మాత్రం చాలా బాగుందమ్మా" అన్నారు. తలుపు మూసుకున్నాక లోపల ఆయన నవ్వు కారిడారు చివరి దాకా వినిపించింది.

సేఠ్‌ను అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే క్షమాపణ అడగాలనుకున్నాను. గల్లీలో నిలబడి అడిగాను. మళ్లీ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆయన ఇబ్బందిగా నవ్వాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్. అసలు మొదలు కారింది నా ట్యాంకే గదా."

పిల్లలూ, సేఠ్ మీద పదకొండు షరతులు పెట్టిన నేను నా చేతిమీద ఒక్కటీ పెట్టుకోలేదు. మంచినీళ్ల సీసాను తిప్పడం దండగ అని మీకెప్పుడైనా అనిపిస్తే నన్ను గుర్తుచేసుకోండి. నవ్వుకోండి కూడా, అభ్యంతరం లేదు.

పంపు ఇంకో రెండు వానాకాలాలు నడిచింది. చివరికి బావి నీళ్లే నేరుగా పాసయ్యాయి, ఒకసారి కాదు, వరసగా ఎన్నోసార్లు. యంత్రం విప్పి తీసుకెళ్లిన రోజున ముగింపు పత్రంతో వెళ్లాను. గల్లీ ఆడవాళ్లంతా బిందెలతో వచ్చేశారు. అవ్వ ఎవరినీ ముందుకు రానివ్వలేదు. తనే చేద వేసి బక్కెట్టు తోడింది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను, ల్యాబు కాగితం నా సంచిలోనే ఉన్నా.

అవ్వ కళ్లు తెరిచింది. ఒక్క అడుగు ముందుకేసి బక్కెట్టెడు నీళ్లూ నా నెత్తిన గుమ్మరించింది. చీర, జడ, సంచి, ముగింపు పత్రం అన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆడవాళ్లు కేకలు, చప్పట్లు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న అన్న కళ్లలో నీళ్లు. నా కళ్లలో కూడా, కానీ ఆ తడిలో ఎవరికీ తెలియలేదు.

అవ్వ ఖాళీ బక్కెట్టు ఒర మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒక బక్కెటు బయటికి ఇడిసిన బిడ్డా. రాసుకో. పెన్సిల్‌తోని."